అరవై మూడో నంబరు

ఆంట్వెర్ప్‌లో, వజ్రాల వీధికి వెనక,
రెండో అంతస్తులో నా బల్ల.
ఇరవై రెండేళ్లుగా
మా గురువులు వదిలి వెళ్లిన వాటికి వెల కడుతున్నాను.

చేతికర్రలు, కళ్లజోళ్లు,
ప్రార్థనకు నడుముకి చుట్టుకున్న నల్లపట్టీలు,
దువ్వెనలో చిక్కుకున్న తెల్లగడ్డం వెంట్రుక ఒకటి
(దానికి వేరే ధర).
ఒకే రెబ్బేవి మూడు చేతికర్రలు అమ్మాను.
చివరి పదేళ్లూ ఆయన మంచం దిగి ఎరగడు.
నేనేమీ అనలేదు. కాగితాలు సరిగ్గానే ఉన్నాయి.

అరవై మూడో నంబరు: ముక్కుపొడుం డబ్బా.
వెండిది, గుప్పిట్లో దాగేంత,
జవ్రానిక్ రెబ్బేది.
మూత మీద చిన్న సొట్ట.
కేటలాగులో నేనే రాశాను:
"తుపాకీ గుండు తగిలిన చోటని పెద్దలు చెబుతారు.
ఛాతీ జేబులో డబ్బా, జేబు వెనక ప్రాణం."
ఆ రెండు వాక్యాల విలువే పదకొండు వేల యూరోలు.

వేలానికి ముందురోజు, తలుపులు మూసే వేళకి
ఒక ముసలావిడ వచ్చింది.
తడిసిన గొడుగు ఎక్కడ పెట్టాలో తోచక
చంకలోనే పెట్టుకుంది.
పేరు ట్రైనా.
రెబ్బే గుమ్మం కాచిన గెట్సెల్ కూతురు.
కొంటారా అంటే నవ్వింది.
"ఒక్క చిటికెడు పీల్చుకోనిస్తావా?"

యోమ్ కిప్పూర్ నాడు, పొద్దు వాలాక,
నాలిక పిడచకట్టిన మనుషుల మధ్య
ఈ డబ్బా బారులు తీరి తిరిగేదట.
తోళ్ల వ్యాపారి నుంచి, బాకీ తీర్చని దర్జీకి.
దర్జీ నుంచి, అతణ్ని కోర్టుకీడ్చిన బావమరిదికి.
మాటల్లేని వాళ్లయినా
డబ్బా అందుకోక తప్పదు.
మెట్లెక్కి ఆడవాళ్ల తెర వెనక్కీ వచ్చేదట.
ప్రార్థన నడుమ తుమ్ములు,
తుమ్ము తుమ్ముకీ ఓ దీవెన.
రెబ్బే దగ్గరికి చేరేసరికి ఖాళీ.
"ఆయన పీల్చగా నేను చూళ్లేదు" అంది.
"అసలు ఆయనదని ఎవరన్నారు?"

మరి సొట్ట?

ఆవిడ వేలు గాజుపెట్టె మీద ఆగింది.
"అక్రోటు. నాకప్పుడు ఏడేళ్లు.
సుత్తి కనబళ్లేదు, దీంతో కొట్టాను.
నాన్న చెయ్యెత్తాడు.
రెబ్బే వంగి, పెంకులేరి,
సగం పప్పు నాకిచ్చి సగం తాను తిన్నాడు.
పుచ్చిన సగం ఆయనది."

డబ్బా తెరవకూడదని నియమం.
తెరిచాను.
లోపలేమీ లేదు.
బందు సందులో గుండుసూదితో గీకితే
గోరంత గోధుమరంగు ధూళి.
ఆవిడ చేతి మీద, బొటనవేలి గుంటలో పోశాను.
కళ్లు మూసుకుని పీల్చింది.
ఎదురుచూశాం ఇద్దరం.
కింద ట్రాము ఒకటి గంట కొట్టుకుంటూ పోయింది.

తుమ్మింది నేను.

మాట వెంటనే తుమ్ము పడితే
ఆ మాట నిజమని మావాళ్ల నమ్మకం.
"విన్నావుగా," అంది. "ఇక రాసుకో."
రుమాలుతో ముక్కు తుడుచుకుంటూండగానే
గొడుగు చంకలో ఉన్నది ఉన్నట్టే
మెట్లు దిగి వెళ్లిపోయింది.

రాసుకోలేదు.
మర్నాడు తుపాకీ గుండు నలభై వేలకు పోయింది,
ఫోను మీద, సావో పావ్లో నుంచి,
దాన్ని ఎన్నడూ తెరవనని
ఎవరూ అడక్కుండానే మాటిచ్చిన మనిషికి.
దూదిలో చుట్టేముందు తూచాను.
వెంట్రుకవాసి తరుగు.
పాత బరువే రాసి సంతకం పెట్టాను.

ఆ రోజు రుమాలు ఇంకా కోటు జేబులోనే ఉంది.
అంచున మరక, తుప్పు రంగుది.
మూడు నెలలైంది, ఉతుక్కి వెయ్యలేదు.
ఎవరిదది అంటుంది మా ఆవిడ, జేబులు తడుముతూ.
ఏం చెప్పను.
కాగితాలేవీ లేవు.